కూత బోర్డుకు ముడుపు

మా అత్తమ్మ దినాలు అయిపోయి, చుట్టాలు బస్సులెక్కి వెళ్లిపోయాక ఆమె రేకు పెట్టె తెరవక తప్పలేదు. తోడికోడళ్లు ఉంటే ఆ పని వాళ్ల మీదకు నెట్టేదాన్నేమో గానీ, ఆ ఇంటికి కోడలిని నేనొక్కదాన్నే. పైన నాలుగు చీరలు, వాటి మడతల్లో కలరా ఉండలు, వక్కల డబ్బా, ఎప్పుడో పోయిన మా మామ కళ్లజోడు, అరగదీసి అరగదీసి గోరంత మిగిలిన వస కొమ్ము. అన్నిటికీ అడుగున, పరిచిన పాత పేపరు కింద, జానెడు పసుపు గుడ్డ మడత పెట్టి ఉంది. పసుపు వాసన ఎప్పుడో పోయి తుప్పు వాసన పట్టింది. ఒక అంచు మాత్రం పీచులు పీచులుగా ఉంది. అది కత్తెరతో కోసింది కాదు, పళ్లతో కొరికి చింపింది. ఆ చింపడం నా కళ్ల ముందే జరిగింది. గుడ్డ పట్టుకుని నేల మీద అట్లాగే కూర్చుండిపోతే, మా ఆయన వచ్చి ఏమైందని అడిగాడు. చూపించాను. చూసి వాకిట్లోకి వెళ్లిపోయాడు.

ముడుపు కట్టడంలో మా అత్తమ్మకు తనదైన పద్ధతి ఒకటుండేది. అందరూ పసుపు గుడ్డలో రూపాయి బిళ్ల పెట్టి, ముడి వేసి, దేవుడి దగ్గర కట్టి వస్తారు. ఆమె గుడ్డను రెండుగా చింపి, ఒక సగంలో ముడుపు కట్టి, రెండో సగం ఇంటికి తెచ్చి దాచేది. మొక్కు తీరిన రోజున రెండు సగాలూ కలిపి ఆ దేవుడికే ఇచ్చేయాలి. సగం గుడ్డ ఇంట్లో ఉంటే దేవుడు మరిచిపోయినా మనం మరిచిపోమని ఆమె నమ్మకం. నాకు తెలిసి ఆమె కట్టిన ముడుపులన్నీ తీరాయి. కొడుకు ఉద్యోగానికి కట్టింది, కొడుకు పెళ్లికి కట్టింది, ఒకసారి తప్పిపోయిన బర్రెకు కూడా కట్టింది. బర్రె దొరికిన సంతోషం నేను దొరికిన సంతోషం కంటే కొంచెం ఎక్కువేనని నేను ఎగతాళి చేసేదాన్ని. ఈ ఒక్క మొక్కే మిగిలిపోయింది. దీని రెండో సగం ఏ గుడిలోనూ లేదు. రామన్నపేట అవతల రైలు పట్టాల పక్కన, ఒక బోర్డు స్తంభానికి కట్టి ఉండాలి.

మాది తిరుమలగిరి దిక్కు. అటు రైలు లేదు. పెళ్లయ్యేదాకా నేను రైలెక్కింది ఒక్కసారి, మా అత్తమ్మ అప్పటికి అసలు ఎక్కనే లేదు. తెలంగాణ వచ్చిన ఏడాది మా శ్రీజ పుట్టింది. రాష్ట్రమూ మనుమరాలూ ఒక్కసారే వచ్చాయని అత్తమ్మ వాడంతా చెప్పుకుని మురిసింది. పాపకు రెండేళ్లు దాటాక మా ఆయనకు రామన్నపేట దగ్గర పత్తి మిల్లులో పని దొరికింది. రెండు గదులు కిరాయికి తీసుకుని, అత్తమ్మను వెంటబెట్టుకుని వెళ్లాం. అప్పుడు నాకు పాతికేళ్లు కూడా లేవు. డిగ్రీ చదివి ఇంట్లో కూర్చున్నానన్న కోపం ముక్కు మీద ఉండేది. పొద్దున లేస్తే బిందెలు, మంచినీళ్ల క్యాన్ బండి కోసం ఎదురుచూపు, జొన్నరొట్టెల చప్పుడు. సాయంత్రానికి మా ఆయన తల నిండా, కనుబొమల నిండా దూదితో వచ్చేవాడు. పత్తిగింజల జిడ్డు వాసన ఆయన చొక్కాల్లోంచి ఎన్నిసార్లు ఉతికినా పోయేది కాదు. ఆ వాసన ఇప్పుడు ఎక్కడైనా తగిలితే నాకు ముందు గుర్తొచ్చేది ఆయన కాదు, ఆ రెండు గదుల్లో మేం ముగ్గురం ఒక మాట కోసం చెవులు రిక్కించి కూర్చోవడం.

శ్రీజకు మాటలు రాలేదు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూసేది కాదు. మిక్సీ వేస్తే, కుక్కర్ విజిల్ వస్తే రెండు చేతులతో చెవులు మూసుకుని గోడకు తల కొట్టుకునేది. అందుకని మా ఇంట్లో పచ్చళ్లన్నీ రోట్లో, పప్పు గిన్నెలో. అత్తమ్మ రోజూ పొద్దున్నే వస కొమ్ము తేనెలో అరగదీసి పాప నాలుకకు రాసేది. గుడి గంటను తిరగేసి దాంట్లో నీళ్లు పోసి తాగించింది. వాళ్ల నాయిన కూడా నాలుగేళ్లకు గానీ మాట్లాడలేదని ఎవరు ఏమన్నా జవాబు సిద్ధంగా పెట్టుకునేది. ఇరుగుపొరుగు మాత్రం ఊరుకునేవారు కాదు. పాపకు ఇంకా మాటలు రాలేదా అన్న ప్రశ్న బోరింగు దగ్గర, కిరాణా కొట్టు దగ్గర, చివరికి బస్సులో ముఖం తెలియనివాళ్ల నోట కూడా వినేదాన్ని. అడిగినవాళ్లది తప్పు కాదని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం ఒక్కొక్కరి మీదా పడి రక్కాలనిపించేది.

పట్నంలో పెద్ద దవాఖానలో చూపిద్దామని ఒక రోజు రామన్నపేట స్టేషన్‌కు వెళ్లాం. రైలు వస్తోందనగానే నేను పాప చెవులు మూయడానికి చేతులు సిద్ధం చేసుకున్నాను. ఇంజను కూత పెట్టుకుంటూ, ప్లాట్‌ఫాం అదిరేలా వచ్చింది. కుక్కర్ విజిల్‌కే ప్రాణం పోయినట్టు ఏడ్చే పిల్ల, నా చేతులు తోసేసి, నిటారుగా నిలబడి, ఆ ఇంజను కళ్లలోకి చూసినట్టు చూసింది. మనుషుల కళ్లలోకి అది ఎప్పుడూ అట్లా చూడలేదు. నా కళ్లలోకి కూడా. దవాఖానలో డాక్టరు దాన్ని ఆటిజం అన్నాడు. మొదటి ఐదేళ్లు చాలా ముఖ్యమని, ఆ లోపల వచ్చిన మాటలే మాటలని, ఏదైనా పాపకు ఇష్టమైనది పట్టుకుని దాని ద్వారా దగ్గరవ్వమని చెప్పాడు. తిరిగి వచ్చేటప్పుడు ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. పాప మాత్రం కిటికీ ఊచలకు నుదురు ఆనించి హాయిగా కూర్చుంది.

అప్పటి నుంచి రైలు చూడటానికి మంచి జాగా వెతకడం మా ఇంటి పని అయింది. తెలియని ఊరు, తెలియని దారులు. మంచి జాగా అంటే ముగ్గురికీ మూడు లెక్కలు. మా ఆయనకు బండి ఆపుకునే వీలుండాలి, పట్టాలకు కావలసినంత దూరం ఉండాలి. అత్తమ్మకు కాస్త నీడ ఉండాలి, ముండ్లు ఉండకూడదు, పురుగూ పుట్రా తిరగని చోటై ఉండాలి. నాకు కావలసింది ఒక్కటే, అక్కడ మనిషి అనేవాడు ఉండకూడదు. స్టేషన్ బెంచీ రెండు రోజులకే వద్దనిపించింది, అక్కడ కూర్చునేవాళ్లకు అడగడం తప్ప వేరే పనిలేదు. వాగు మీద వంతెన దగ్గర పాపను పట్టుకోవడం కష్టమైంది. తాటిచెట్ల మధ్య ఒక చోటు నాకు నచ్చింది గానీ, మధ్యాహ్నానికి కల్లు తాగేవాళ్లు చేరారు. చివరికి చిట్యాల వైపు పోయే దారిలో ఒక రైలు గేటు దొరికింది. గేటు మనిషి ఎక్కడో ఉత్తరాది వాడు, పాపను చూసి నవ్వేవాడు. అడగడానికి ఆయనకు తెలుగు రాదు. అంతకంటే మంచి జాగా నాకు ఈ భూమ్మీద ఇంకెక్కడ దొరుకుతుంది.

గేటు నుంచి పొలం గట్టు పట్టుకుని కొంత దూరం నడిస్తే, పట్టాల పక్కన పసుపు రంగు బోర్డు ఒకటి, దాని మీద నల్ల అక్షరాలు. ఆ బోర్డుకు ఇవతల, గట్టు మీద తుమ్మచెట్టు నీడలో మా కూర్చోవడం. అత్తమ్మ శనగ గుడాలు ఉడకబెట్టి, ఉల్లిగడ్డ ముక్కలు వేసి పోపు పెట్టి డబ్బాలో తెచ్చేది. పాప వాటిని తినేది తక్కువ, నేల మీద వరుసగా పేర్చేది ఎక్కువ. గూడ్సు బండి ఆ బోర్డు దగ్గరికి వస్తూనే కూత మొదలుపెట్టి గేటు దాటేదాకా ఆపేది కాదు. పాప ఆ కూత కోసం ఒళ్లంతా చెవులు చేసుకుని కూర్చునేది. బండి పోయాక చాలాసేపు దాని ముఖం మీద ఒక నిమ్మళం ఉండేది. ఇంటికి వచ్చి, తల కొట్టుకోకుండా పడుకునేది. నాకు ఆ రోజుల్లో దేవుడి మీద కూడా అంత నమ్మకం లేదు, గూడ్సు బండి మీద ఉన్నంత.

ఒక సాయంత్రం పాప గుడాలు పేర్చుకుంటూ ఉన్నట్టుండి తల ఎత్తింది. మూతి గుండ్రంగా చుట్టి, ఊ అంటూ సన్నగా, పొడుగ్గా, ఊపిరి అయిపోయేదాకా ఒక కూత తీసింది. బండి ఇంకా కనబడలేదు. పట్టాల్లో బండి అదురు మాకంటే ముందు పాపకు తెలిసి ఉంటుంది. కాసేపటికి మలుపు తిరిగి ఇంజను వచ్చింది, బోర్డు దగ్గర అదే కూత పెట్టింది. అత్తమ్మ చేతిలో డబ్బా జారిపోయింది.

"పలికింది బిడ్డా," అంది నన్ను పట్టుకుని. "నా తల్లి పలికింది."

అది మాట కాదు అత్తమ్మా అన్నాను. నాకు ఏడుపు వస్తోంది, దాన్ని కోపంగా మార్చుకోవడం నాకు అలవాటు.

"కాకుంటే ఏంది? రైలు గూడ గదే మాట్లాడుతది. ఇది పిలిచింది, అది జవాబు చెప్పింది. గింతకంటె మాటంటే ఏముంటది?"

మర్నాడు ఆమె బోర్డు చుట్టూ తిరిగి, దీన్ని ఇక్కడ ఎందుకు పెట్టారని అడిగింది. ముందు గేటు ఉంది కాబట్టి, ఇది కనబడగానే డ్రైవరు కూత పెట్టాలని రాసి ఉందని చెప్పాను. అయితే రైలును పలికించేది ఇదేనా అంది. ఇదే అనుకో అన్నాను, పాప చెప్పులు వెతుకుతూ. ఆ మాట ఆమె మనసులో ఎక్కడ పడిందో నాకు అప్పుడు తెలియలేదు. శుక్రవారం తలంటుకుని, కొంగులో పసుపూ కుంకుమా ముడి వేసుకుని వచ్చింది. స్తంభానికి పసుపు పూసి, బొట్టు పెట్టి, గుడ్డను పళ్లతో కొరికి రెండుగా చింపింది. డిగ్రీ చదివిన కోడలిని పక్కన పెట్టుకుని రైల్వే బోర్డుకు మొక్కడమేమిటని నేను దులిపేశాను. ఎవరైనా చూస్తే నవ్వుతారన్నాను. ఆమె ముడి బిగిస్తూనే ఉంది.

"గంత పెద్ద రైలును పలికిస్తాంది. జానెడు పోరిని పలికియ్యదా?"

ఆ తర్వాత చేతులు జోడించి, పక్కన మనిషితో మాట్లాడినట్టే ఆ బోర్డుతో మాట్లాడింది. "ఇది వాళ్లమ్మను అమ్మా అని పిలిచిన నాడు నీకు బోనం చేస్త," అంది. తనను నాయినమ్మా అని పిలవాలని కోరుకోలేదు. తిరిగి నడుస్తుంటే సగం గుడ్డ ఆమె కొంగు ముడిలో ఉంది.

మరుసటి ఏడాది షాద్‌నగర్ వచ్చేశాం. పట్నంలో మాటలు నేర్పే సెంటరుకు అక్కడి నుంచైతే రోజూ తీసుకుపోవచ్చని, మా ఆయన అక్కడ కంపెనీలో పని చూసుకున్నాడు. మళ్లీ కొత్త దిక్కు, మళ్లీ జాగా వెతుకులాట. పొద్దున స్టేషన్ నిండా డ్యూటీలకు పోయే జనం, సాయంత్రం వచ్చే జనం. ఊరి చివర పట్టాల వెంట ఎక్కడ చూసినా వెంచర్ల తెల్ల రాళ్లు, కాంపౌండు గోడలు. ఆదివారాలు బండి మీద బాలానగర్ దాకా, జడ్చర్ల దాకా పోయేవాళ్లం. పాప ముందు కూర్చుని హ్యాండిల్ పట్టుకునేది, వెనక నేనూ అత్తమ్మా ఇరుక్కునేవాళ్లం. పోలీసు ఆపితే అత్తమ్మే దిగి సమాధానం చెప్పేది. ఆమె కళ్లు పట్టాల పక్కనే పరుగెత్తేవి. బాలానగర్ దాటాక ఒక చోట అచ్చం అట్లాంటి పసుపు బోర్డు కనబడితే, సొంత ఊరివాళ్లు ఎదురైనంత సంబరపడింది. ఇక్కడ ఇంకో ముడుపు కడతావా అని మా ఆయన అడిగితే తల అడ్డంగా ఊపింది. ఒకే మొక్కు ఇద్దరికి చెప్పుకుంటే ఇద్దరూ వినరట. మేం అక్కడ రెండేళ్లు కూర్చున్నాం. తర్వాత రెండో లైను పని మొదలైంది, మట్టి కుప్పలు పోశారు, కంచె వేశారు, ఆ జాగా కూడా పోయింది.

ఐదేళ్లు నిండిపోయాయి. ఆ పుట్టినరోజున కేకు కోశాం, ఫోటో దిగాం, డాక్టరు మాట ఎవరం ఎత్తలేదు. ఆరు, ఏడు, ఎనిమిది. సెంటరులో బొమ్మలు చూపించి కావలసినది తీసుకోవడం నేర్పారు. మాట మాత్రం రాలేదు. వచ్చింది ఆ కూత ఒక్కటే. అది కూడా ఇంట్లోకి వచ్చేసింది. ఆకలైతే పొట్టిగా, సంతోషమైతే పొడుగ్గా, వాళ్ల నాయిన బండి చప్పుడు వింటే రెండుసార్లు. నేను వంటింట్లో ఉండి, చూడకుండానే దానికి ఏం కావాలో చెప్పగలిగేదాన్ని. ఇంటి ఓనరు భార్య పైనుంచి దిగి వచ్చి, మధ్యాహ్నం నిద్ర పట్టడం లేదని గొణిగింది ఒకసారి.

"మా పోరి మాట్లాడుతాందమ్మా," అంది అత్తమ్మ వక్క నములుతూ. "మీ పోరగాండ్లు మాట్లాడరా?"

ఆ తర్వాత ఓనరు భార్య ఆ మాట అనడానికి మళ్లీ దిగి రాలేదు. నేను మాత్రం అందరి ముందూ అది మాట కాదనే చెప్పేదాన్ని. మాట అంటే అమ్మా అని పిలవడమే నా దృష్టిలో. అదే వస్తుందని, ఇది దానికి ముందు మెట్టు అని ఎదురుచూస్తూ ఆ కూతను సగం చెవితోనే విన్నాను.

అత్తమ్మ చివరి నెలల్లో మంచం మీద ఉండి కూడా, నయమయ్యాక ఒకసారి రామన్నపేట బోర్డు చూసి వద్దామనేది. ఊళ్లోనే పోతానని పట్టుబట్టి తిరుమలగిరి తీసుకుపోమంది, అక్కడే పోయింది. గుడ్డ సంగతి తెలిశాక, ఊళ్లోనే ఉండే మా చిన్నమామ, పోయిన మనిషి మొక్కు అట్లా గాలిలో ఉంచొద్దని, ముడుపు విప్పి రెండు సగాలూ పారే నీళ్లలో కలపమని చెప్పాడు. షాద్‌నగర్‌కు తిరిగి వస్తూ దారిలో రామన్నపేట వైపు తిరిగాం. నేను, మా ఆయన, పదకొండేళ్ల శ్రీజ.

గేటు లేదు. తారురోడ్డు అక్కడికి రాగానే కిందికి దిగి, పట్టాల కింద సిమెంటు వంతెనలో దూరి, అటువైపు తేలుతోంది. గేటు మనిషి గది తలుపు ఊడి, లోపల ఎండుగడ్డి కట్టలు వేసి ఉన్నాయి. గట్టు పట్టుకుని నడిచాం. పట్టాల మీద కరెంటు తీగలు వచ్చాయి. తుమ్మచెట్టు ఉంది. బోర్డు ఉండే చోట సిమెంటు దిమ్మె ఒకటి, దాంట్లో కోసేసిన ఇనుప మొదలు. ముడుపు ఏ పాత ఇనుము కుప్పలో పోయిందో. పక్క చేలో కలుపు తీస్తున్న ఆమెను మా ఆయన బోర్డు సంగతి అడిగాడు.

"గేటు తీసేసినంక బోర్డెందుకయ్యా," అంది ఆమె నడుము నిమురుకుంటూ. "మంచిగైంది. గంటల కొద్ది నిలవడుడు తప్పింది. ఇప్పుడు రైలు గూడ సప్పుడు లేకుంట పోతది, కూత గీత ఏం లేదు."

ఆమె చెప్పింది నిజమే. నొప్పులు పడుతున్న మనిషితో ఆటో ఆ గేటు ముందు ఆగిపోవడం నేనే చూశాను. ఎవరిని తిట్టుకోవాలో తెలియక నిలబడ్డాను. అప్పటికే శ్రీజ తుమ్మచెట్టు కింద, తను ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుంది. ఎన్నేళ్లయినా మరిచిపోలేదు. కూర్చుని, నా వైపు చూడకుండానే అరచేయి చాపింది. గుడాల కోసం అని అర్థమయ్యేసరికి నాకు ఆలస్యమైంది. నా దగ్గర లేవు. చేయి కాసేపు అట్లాగే ఉంచి, తీసేసుకుంది.

ఇంతలో దాని తల లేచింది. మూతి చుట్టి, ఊ అని కూత తీసింది, ఇంత పొడుగ్గా ఈ మధ్య ఎప్పుడూ తీయలేదు. మలుపులోంచి ఇంజను వచ్చింది. దిమ్మె దాటింది. కూత లేదు. డబ్బాలు ఒకటి వెనక ఒకటి మా ముందు నుంచి పోయాయి, గాలి మా బట్టలు ఎగరేసింది, అంతే. శ్రీజ మూతి అట్లాగే గుండ్రంగా పెట్టుకుని ఆఖరి డబ్బా కనుమరుగయ్యేదాకా కాచుకుంది. తర్వాత నోరు మూసుకుంది. మా ఆయన దిమ్మె మీద కూర్చుని దస్తీతో ముఖం కప్పుకున్నాడు.

ఆ రోజు నుంచి అది కూత పెట్టలేదు. ఆకలైనా పెట్టదు, వాళ్ల నాయిన వచ్చినా పెట్టదు. జడ్చర్ల స్టేషన్‌కు తీసుకుపోయాం, మహబూబ్‌నగర్ తీసుకుపోయాం. అక్కడ రైళ్లు గట్టిగానే అరుస్తున్నాయి, అది నేల చూపులు చూస్తూ కూర్చుంటోంది. సెంటరులో అడిగితే కొందరు పిల్లలు ఉన్నది కూడా పోగొట్టుకుంటారని చెప్పారు. ఇల్లంతా నిశ్శబ్దం. పైన ఓనరు భార్య, పాప బాగానే ఉందా అని దిగి వచ్చి అడిగింది. రెండు గదుల్లో ముగ్గురం చెవులు రిక్కించి కూర్చున్న ఆ రోజులే నా బతుకులో చెడ్డ రోజులని ఇన్నాళ్లూ అనుకున్నాను. అప్పుడు ఎదురుచూడటానికి ఒకటి ఉండేది, పక్కన కూర్చుని గుడాలు ఉడకబెట్టే మనిషి ఉండేది. అత్తమ్మ చెప్పిందే నిజం, అది మాటే. నా బిడ్డ ఎనిమిదేళ్లు నాతో మాట్లాడింది. సగం గుడ్డను మళ్లీ పెట్టె అడుగునే పెట్టాను, ఇవ్వడానికి ఎవరూ లేరు కాబట్టి.

నిన్న మధ్యాహ్నం పప్పు దించి, పాప వెనక నిలబడి, నేనే మూతి చుట్టి కూత తీశాను. ఊ అని, వచ్చినంత పొడుగ్గా, అచ్చం అది తీసినట్టే తీయాలని చూశాను. ఊపిరి అయిపోయింది. మళ్లీ పీల్చుకుని మళ్లీ తీశాను. శ్రీజ తిరిగి చూడలేదు. రెండు చేతులూ ఎత్తి, చెవులు మూసుకుంది.